విమాన కంపెనీల పొత్తులు – మనవారి రాకపోకలు

బళ్ళారికి చేరువనున్న రూపనగుడి పేరు వినగానే సాహిత్యాభిమానులకు రచయిత రూపనగుడి నారాయణరావుగారు జ్ఞప్తికి వస్తారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించిన నాడు బళ్ళారి తాలూకా మైసూరులో చేరినది. ఎల్లలు మారినా ఆ ప్రాంతాన తెలుగు పలుకు మాసిపోలేదు. ఆ పలుకుతోనే సముద్రాలు దాటిన మనవారి ప్రయాణాలను విమాన కంపెనీల పొత్తులు ఎట్లా మార్చినవో చూడదగియున్నది.

పొత్తు కొత్తదేమీ కాదు. 1871లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మదరాసు రైల్వే రాయచూరు వద్ద కలిసినవి. రెండు కంపెనీల పట్టాలు కలిస్తేనే బొంబాయికి, మదరాసుకు నడుమ దారి పడినది.

ఆకాశంలో అటువంటి పెద్ద కూటమి 1997 మే 14న ఐదు కంపెనీలతో ఏర్పడిన స్టార్ అలయన్సు. 1999లో వన్‌వరల్డు, 2000లో స్కైటీము వచ్చినవి. ఇందులోని కిటుకు ఇది: ఒక ప్రయాణాన్ని ఇద్దరు పంచుకొని, ఎవరి ముక్క మీద వారు నిండు లాభం వేసుకుంటే మొత్తం ఛార్జీ మోయలేనంత అవుతుంది. కలిసి ధర కడితే తగ్గుతుంది, జనం పెరుగుతారు. పొత్తులో ఉన్నవారి ఛార్జీలు లేనివారి కంటే సుమారు 25 శాతం తక్కువని బ్రూక్నర్, వేలెన్ అను ఆర్థికవేత్తలు 2000లో లెక్క తేల్చారు. అయితే ఒకే దారిలో పోటీగా నడిచే ఇద్దరు కలిస్తే ఫలితం తలకిందులు కావచ్చును. రెండు దుకాణాలు ఒకటైన సంతలో బేరమెక్కడిది?

ఎయిరిండియాకు స్టార్ అలయన్సు పిలుపు 2007లో వచ్చినా, 2011లో చేరిక ఆగి, 2014 జూలై 11న గాని ముడి పడలేదు. ఈలోగా 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరుచుకున్నది, గల్ఫు కంపెనీలు మనవారిని మచ్చిక చేసుకున్నవి. ఏ కూటమిలోనూ చేరని ఎమిరేట్సు, రెండు ముక్కలూ తానే నడిపి, దుబాయిని మనకు మజిలీ చేసినది. 2013లో జెట్ ఎయిర్‌వేసులో ఎతిహాదు 24 శాతం వాటా కొనడం నిశ్చయమైనది. అబూదాబి దారికి వారానికి సుమారు 50,000 సీట్ల వరకు అనుమతి పెరిగినది. 2019 ఏప్రిలులో జెట్ ఆగిపోగా, ఆ పొత్తును నమ్ముకున్న దారులకు ఊపిరి తగ్గినది.

బళ్ళారి సీమకు 2017లో హైదరాబాదు నుంచి తోరణగల్లు దగ్గరి విద్యానగరానికి ట్రూజెట్ చిన్న విమానం వచ్చినది. అది ఏ ప్రపంచ కూటమిలోనూ లేదు. 2022లో ఆ కంపెనీ సేవలే నిలిచిపోయినవి. ఇటువంటి చోట వేర్వేరు టిక్కెట్లు కొన్న తల్లిదండ్రులు శంషాబాదులో ఆవకాయ జాడీతో సహా పెట్టెలన్నీ దించుకొని మళ్ళీ అప్పగించాలి. చిన్న విమానం ఆలస్యమైతే పెద్దది వారికోసం ఆగదు, రెండో టిక్కెట్టు సొమ్ము కూడా తిరిగి రాకపోవచ్చును.