పంక్ వదిలివెళ్లిన ఆస్తి

పాశ్చాత్య సంగీత ప్రియుల మధ్య ఏళ్ల తరబడి తెగని తగవు ఒకటుంది. పంక్ రాక్ తర్వాతి తరాల పాటను నిజంగా మార్చిందా? లేక రెండేళ్ల అల్లరికి చరిత్రలో అవసరానికి మించి చోటు దక్కిందా? ఈ సంగతి తేలాలంటే మొదటికి వెళ్లాలి.

1973 డిసెంబరులో న్యూయార్క్‌లోని బవరీ వీధిలో హిల్లీ క్రిస్టల్ 'సీబీజీబీ' క్లబ్బు తెరిచారు. అప్పట్లో బవరీ నిలువ నీడ లేనివాళ్లు తలదాచుకునే పేట. పేరూ ఊరూ లేని కుర్రాళ్లకు పాడుకోవడానికి ఆ క్లబ్బులో చోటు దొరికింది. 1974లో అక్కడ వేదికెక్కిన రమోన్స్ అనే పంక్ బృందం 1976లో తొలి ఆల్బం తెచ్చింది. పద్నాలుగు పాటలూ కలిపితే అరగంట లేదు. ఒక్క పాటతోనే ఎల్పీ రికార్డులో ఒక పక్కంతా నింపేసే బృందాలున్న రోజులవి.

ఆ ఏడాది జులై 4న రమోన్స్ లండన్‌లో పాడారు. బ్రిటన్‌లో అప్పటికి నిరుద్యోగులు పది లక్షలు దాటారు. సెక్స్ పిస్టల్స్ బృందం వాళ్లలోని యువకుల కోపానికి గొంతయింది. 1977లో వచ్చిన వాళ్ల 'గాడ్ సేవ్ ద క్వీన్' పాటను బీబీసీ నిషేధించినా అది అమ్మకాల్లో రెండో స్థానానికి చేరింది. 1978 జనవరికల్లా ఆ బృందం విడిపోయింది.

పంక్ ప్రభావం అంతంతమాత్రమే అనేవారి వాదనలో బలం ఉంది. 1960 నుంచి 2010 వరకు అమెరికా హాట్ 100 జాబితాకెక్కిన దాదాపు 17,000 పాటలను లండన్ పరిశోధకులు కంప్యూటర్‌తో విశ్లేషించి 2015లో ఫలితాలు ప్రకటించారు. పాట స్వరూపం ఒక్కసారిగా మారిన సంవత్సరాలు 1964, 1983, 1991 అని తేల్చారు. వాటిలో పంక్ హోరెత్తిన 1977 లేదు. మూడింటిలోకీ పెద్ద మలుపు 1991ది, అది హిప్ హాప్ తెచ్చినది. ఆ హిప్ హాప్ పుట్టిల్లు న్యూయార్క్‌లో బ్రాంక్స్ ప్రాంతంలోని నల్లజాతి యువకుల విందు వినోదాలు. నేటి ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతానికి మూలాలు వెతికితే క్రాఫ్ట్‌వెర్క్ బృందం, గాయని డోనా సమ్మర్ కనిపిస్తారు.

అయితే ఈ లెక్కకు అందని సంగతి మాంచెస్టర్‌లో జరిగింది. 1976 డిసెంబరులో బజ్‌కాక్స్ బృందం ఇంట్లోవాళ్ల దగ్గరా స్నేహితుల దగ్గరా సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చి, ఒక్క రోజులో నాలుగు పాటలు రికార్డు చేసింది. 'స్పైరల్ స్క్రాచ్' పేరుతో, సొంత లేబుల్ మీద 1977 జనవరిలో విడుదల చేసింది. మొదట అచ్చు వేసినవి వెయ్యి ప్రతులే. చివరికి అమ్ముడైనవి దాదాపు 16,000. ఏ పాట ఎన్నో టేకులో కుదిరిందో కవరు మీదే అచ్చు వేశారు. సొంత డబ్బుతో రికార్డులు వేసుకున్నవాళ్లు అంతకు ముందూ ఉన్నారు. ఆ పని గుట్టు విప్పి, మీరూ చేయగలరని చెప్పింది మాత్రం పంక్.

ఆ మాట దూరం వెళ్లింది. మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ, వాషింగ్టన్‌లో డిస్కార్డ్ వంటి చిన్న లేబుళ్లు వెలిశాయి. సియాటిల్‌లో సబ్ పాప్ లేబుల్ 1989లో నిర్వాణా బృందం తొలి ఆల్బం 'బ్లీచ్' తెచ్చింది. దాని రికార్డింగు ఖర్చు సుమారు 600 డాలర్లు. ఆ బృందమే తర్వాత పెద్ద కంపెనీకి మారి, 1992 జనవరిలో 'నెవర్‌మైండ్'తో మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ను మొదటి స్థానం నుంచి దించింది.

కాబట్టి రెండు ప్రశ్నలను కలిపేస్తే ఈ తగవు తీరదు. పాట ఎలా వినిపించాలో నేర్పినవాళ్లలో పంక్‌కన్నా ఘనులున్నారు, ఆ ఘనత వాళ్లకే చెందాలి. పాట ఎవరైనా చేయవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా జనంలోకి పంపవచ్చు అనే ధైర్యాన్ని మాత్రం రాక్ సంగీతంలో పంక్ పంచినంతగా మరొకరు పంచలేదు.