పాలు

మర్రాకు తుంచితే కారేవి పాలు, జిల్లేడు గిల్లితే కారేవీ పాలే. వరి వెన్నులో లేత గింజను నొక్కితే తెల్లగా చిమ్ముతుంది. పైరు పాలు పోసుకుంటోందంటాడు రైతు. తమిళంలో ఈ మాట ‘పాల్’. కన్నడంలో పకారం హకారమై ‘హాలు’ అయింది. చెట్టు నుంచి కారేదీ తమిళులకు పాలే. మరి 2021లో మన ఆహార భద్రతా సంస్థ మొక్కల పానీయాలకు పాల పేరు వద్దంది! కొబ్బరిపాలను మాత్రం వదిలేసింది. వంటింట్లో ఆ పేచీ లేదు. రాత్రి నానేసిన బాదంపప్పు పొట్టు తీసి, నీళ్లు పోసి మెత్తగా రుబ్బి, పలచటి గుడ్డలో పిండితే వచ్చేవి బాదంపాలే. హోటల్లో మాత్రం ఆ పేరుతో మామూలు పాలలోనే బాదం కలిపి ఇస్తారు. పాలు పడనివాళ్లు అడిగి తాగండి.