అద్దము లేని కెమెరా

బొమ్మలను గూర్చి రేడియోలో మాటలాడుట కొంత విపరీతముగనే యుండును. చూపవలసిన వస్తువు నా బల్లమీద నున్నది. వినువారికి నా గొంతు తప్ప మరేమియు చేరదు. అయినను నేను చెప్పబోవునది బొమ్మల కథ కాదు. బొమ్మలు తీయు పెట్టెలో ఒకప్పుడుండి, ఇప్పుడు లేకపోయిన యొక చిన్న అద్దపు పలక కథ. లేనిదానిని ఎట్లును చూపనక్కరలేదు గనుక ఇందుకు రేడియో తగిన చోటే యనుకొనుచున్నాను.

మూడు సంవత్సరముల క్రిందట మా పెద్దవాడు ఈ కెమెరాను తెచ్చి నా చేతిలో పెట్టెను. వెల చెప్పుటకు సంకోచించెను. తరువాత తెలిసినది: బడిలో పనిచేయు కాలమున నాకు ఆరు నెలలకు వచ్చిన జీతము దానికి చాలదు. ఇంత ఖరీదైనది నాకేల యని కోపపడితిని గాని, వాడు తెచ్చుటకు కారణము నేనే. మా యింట అటకమీద తాతగారి నాటి తాళపత్ర గ్రంథములు పదునేడు కట్టలున్నవి. కొన్ని పురుగు తిన్నవి, కొన్ని అంచులు పట్టుకొన్నంతనే పొడి రాలుచున్నవి. వానికి ప్రతులు తీసి యుంచవలెనని నాకు చిరకాలపు కోరిక. దానికి తోడు మరియొకటి. మా గురువుగారివద్ద నాకంటె ఇరువదియేండ్లు ముందుగా చదువుకొన్న పెద్దలొకరుండిరి. అప్పటికి వారికి 88 సంవత్సరములు. గురువుగారు వ్యాకరణముపై నోటితో మాత్రమే చెప్పిన వ్యాఖ్యానమును ఆ అన్నగారు కాగితము ముక్క లేకుండ అప్పగింపగలవారు. వారి మాటను, ముఖమును, చేతివ్రేళ్ల కదలికను కూడ చలనచిత్రముగ పట్టవలెనని నా ఆశ.

"నాన్నగారూ, ఇందులో అద్దము లేదు" అని మావాడు గొప్పగా చెప్పెను. "ఏ అద్దమురా? ఉండవలసినదేనా?" అని నేనడిగితిని. వానికి వెంటనే సమాధానము తోచలేదు.

తర్కము చదివినవారు నా ప్రశ్నలోని చిక్కును గ్రహింతురు. ఒక వస్తువు లేదని తెలియవలెనన్నచో ముందు ఆ వస్తువేదియో తెలియవలెను. దానినే ప్రతియోగి యందురు. ఘటము నెరుగనివానికి ఘటాభావము తెలియదు. అద్దము లేనిదని ఒక యంత్రమునకు పేరు పెట్టినారన్నచో ఆ అద్దమెంత గొప్పదైయుండవలెను! అభావములో భేదములు కూడ కలవు. వస్తువు పుట్టకమునుపు లేకుండుట ప్రాగభావము. పుట్టి నశించిన పిమ్మట లేకుండుట ప్రధ్వంసాభావము. తొలినాటి కెమెరాలలో అనేకములందు అద్దము లేదు, కాని వానినెవరును అద్దము లేని కెమెరాలనలేదు. నా బల్లమీది దానికి ఆ పేరు వచ్చుటకు నడుమ ఒక చరిత్ర జరిగినది.

చీకటిగదికి సన్నని రంధ్రముండిన, వెలుపలి దృశ్యము లోపలి గోడపై తలక్రిందుగ పడును. పదునొకండవ శతాబ్దిలో కైరో నగరమున నివసించిన ఇబ్న్ అల్ హైతమ్ అను పండితుడు దీనిని శాస్త్రీయముగ పరీక్షించెను. ఆ గది క్రమముగ చిన్నదై పెట్టె యయ్యెను. రంధ్రమున కటకము చేరెను. చిత్రకారులు దానిలో పడిన రూపమును కాగితముమీద దిద్దుకొనుచుండిరి. తలక్రిందైన బొమ్మను, అందును నిలువు గోడపై పడినదానిని దిద్దుట కష్టము గదా. కటకము వెనుక ఒక అద్దమును ఏటవాలుగ నిలిపినచో బొమ్మ పైకి మరలి, పెట్టె మూతలోని గరుకు గాజుపలకపై నిలువుగ కనబడును. కుడియెడమలు మాత్రము తారుమారగును. జర్మను దేశపు సన్న్యాసి యోహాన్ త్సాన్ 1685లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి చేతిపెట్టె బొమ్మలు కలవు. అనగా ఛాయాచిత్రము పుట్టుటకు శతాబ్దికి పైగా ముందే కెమెరాలోనికి అద్దము వచ్చినది. ఇది నాకు మొదట నమ్మశక్యము కాలేదు.

ఫ్రాన్సు దేశమున నియెప్స్ తన కిటికీనుండి కనబడు కప్పులను లోహపు రేకుపై నిలిపినది 1826 లేక 1827లో. డగేర్ పద్ధతిని పారిసులో లోకమునకు వెల్లడించినది 1839 ఆగస్టు 19న. ఆ నాటి పెట్టెలలో అద్దమునకు పని లేకపోయెను. ఛాయాగ్రాహకుడు నల్లగుడ్డ కప్పుకొని వెనుకనున్న గరుకు గాజుమీద తలక్రిందు బొమ్మనే చూచుకొనును. పిమ్మట గాజును తీసి ఆ స్థానమున మందు పూసిన పలకను పెట్టును. పలక పెట్టిన క్షణమునుండి వాడు అంధుడే. ఎదుటివారు కదలినను, కన్ను మూసినను వానికి కటకముద్వారా తెలియదు.

మన హైదరాబాదు వైభవమంతయు ఇట్టి పెట్టెలకే చిక్కినది. మీరటు సమీపమున సర్ధానాలో 1844లో జన్మించిన లాలా దీనదయాళు రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో కొలువు చేసి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. 1886లో సికింద్రాబాదున చిత్రశాల పెట్టెను. నవాబు ఆయనకు ముసవ్విర్ జంగ్ అను బిరుదమిచ్చెను. 1905లో ఆయన గతించెను. ఆయన గాజుపలకలు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు 1989లో చేరినవి. కోటలు, వేటలు, దర్బారులు, అన్నియు పలక పెట్టిన పిమ్మట గుడ్డియగు పెట్టెతోనే తీయబడినవని తలచినప్పుడు ఆ చేతికి నమస్కరింపబుద్ధి పుట్టును. నా చిన్ననాట మా బడిలో సామూహిక చిత్రము తీయుటకు వచ్చిన స్టూడియో ఆయనయు నల్లగుడ్డలోనే దూరెను. ఆయన లోపల ఏమి చేయుచున్నాడో చూడవలెనని నేను తల త్రిప్పితిని. ఆ చిత్రములో నాకు ముఖము లేదు, రెండు చెవులు మాత్రము పొగవలె నున్నవి.

ఈ అంధత్వమును పోగొట్టుటకు మరల అద్దము వచ్చెను. ఇంగ్లండు దేశీయుడు థామస్ సటన్ 1861లో ఒకే కటకముతో చూచుటయు, తీయుటయు జరుగునట్లు ఏటవాలు అద్దముగల కెమెరాకు పేటెంటు పొందెను. ఆ 1861లోనే మాక్స్‌వెల్ పండితుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను కలిపి రంగులబొమ్మను లండనులో ప్రదర్శింపగా, దానికి చిత్రములు తీసినవాడును ఈ సటనే. నేటి కెమెరాల కనుపలకలు మిక్కిలిగా ఆ మూడు రంగుల నమ్మకముమీదనే నిలిచియున్నవి. ఒక్క మనుష్యుడు ఒక్క సంవత్సరమున, పోబోవు అద్దమునకును నిలువబోవు రంగులకును చేయి వేసెనన్నమాట.

నడుమ 1925లో జర్మనీ లైకా కెమెరా వచ్చినది. సినిమా ఫిల్ముతో నడచు ఆ చిన్న యంత్రములో అద్దము లేదు. పక్కనున్న వేరు కిటికీనుండి చూడవలెను. దూరపు వస్తువులకు బాధ లేదు గాని, దగ్గరి వస్తువునకు కన్ను చూచినదొకటి, కటకము చూచినదొకటి. 1936లో డ్రెస్డెనునుండి వచ్చిన కీనె ఎగ్జాక్టా అదే చిన్న ఫిల్మునకు అద్దమును చేర్చెను. బొమ్మ తీసిన పిమ్మట దాని అద్దము పైననే యుండిపోవును. ఫిల్మును మరల త్రిప్పినగాని దిగదు. 1949లో కాంటాక్స్ ఎస్ అనుదాని నెత్తిన పంచకోణపు పట్టకము నిలిపి, కన్ను పెట్టి చూచినప్పుడు కుడియెడమలు సరిగా కనబడునట్లు చేసిరి. 1954లో జపానులోని అసాహీ సంస్థవారు తీసినవెంటనే తానై దిగివచ్చు అద్దమును అమర్చిరి. 1959 నాటి నికాన్ ఎఫ్ వీనినన్నిటిని ఒక్కచోట కూర్చి దృఢముగ నిలిపెను. తరువాత సుమారు అర్ధశతాబ్ది అద్దమే రాజ్యమేలినది. పెండ్లిండ్లలో మనము విన్న "టక్" అను చప్పుడులో మిక్కిలి పాలు ఆ అద్దము ఎగసి పడిన చప్పుడే.

కాని దానిలో ఒక లోపము చివరిదాక పోలేదు. మీట నొక్కినప్పుడు అద్దము పైకి లేచును. అప్పుడు కంటికి చీకటి. ఏ క్షణము ఫిల్ముపై నిలిచినదో సరిగా ఆ క్షణమునే చిత్రకారుడు చూచియుండలేదు. ముందు క్షణమును చూచెను, వెనుక క్షణమును చూచెను. దీనదయాళు అంధత్వము నిమిషములనుండి రెప్పపాటునకు తగ్గినది, అంతే.

ఆ అద్దమును తొలగించినది మరియొక అద్దము కాదు, విద్యుత్తు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అనువారు వెలుగును విద్యుత్తుగ మార్చి వరుసగా అందించు సిలికాను పలకకు మూలము వేసిరి. అందులకు 2009లో వారికి నోబెల్ బహుమానము వచ్చెను. 1975లో కోడాకు ఉద్యోగి స్టీవెన్ సాసన్ అట్టి పలకతో మొదటి ఎలక్ట్రానిక్ చేతికెమెరాను కట్టెను. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుమీద వ్రాయుటకు దానికి 23 సెకండ్లు పట్టినది. పలకయే చూడగలిగినప్పుడు అద్దముతో పని యేమి? అయినను మార్పు రాలేదు. ఫిల్మునకు బదులు పలకను పెట్టి, అద్దమును మాత్రము యథాస్థానమున నుంచి అనేక సంవత్సరములు నడపిరి. కంటికి చూపు చిన్నతెరలు ఇంకను మసకగ, మందముగ నుండుట ఒక కారణము, అలవాటు మరియొకటి.

నా దృష్టిలో అద్దమునకు చెల్లుచీటి వ్రాసినది వీడియోయే. 2008లో నికాన్ డి90, కానన్ 5డి మార్క్ 2 అను అద్దపు కెమెరాలు చలనచిత్రమును గూడ తీయనారంభించినవి. చలనచిత్రము సాగునంతసేపును అద్దము పైకి లేచి నిలువవలసినదే. కన్ను పెట్టు కిటికీ చీకటియగును. వెనుక తెరమీదనే చూడవలెను. ఒకే యంత్రము సగముకాలము అద్దముతోను, సగముకాలము లేకయు పనిచేయుచుండగా ఆ అద్దము దేనికను ప్రశ్న రాక మానునా? ఆ యేడాదిలోనే పానసోనిక్ వారు అద్దమును పూర్తిగ తీసివేసి, కటకములు మార్చుటకు వీలైన జి1 కెమెరాను తెచ్చిరి. 2013లో సోనీవారి ఏ7 పెద్ద పలకతో వచ్చినది. 2018లో నికాన్, కానన్ సంస్థలు రెండును ఆ దారి పట్టినవి. 2021లో నికాన్ జడ్9 అద్దమునేగాక కదలు తెరను గూడ విడిచిపెట్టినది. తానై దిగు అద్దమును తెచ్చిన అసాహీ పరంపరలోని పెంటాక్స్ వారు మాత్రము తాము అద్దపు దారిననే సాగుదుమని 2020లో ప్రకటించిరి. ఆ పట్టుదల నాకు నచ్చినది.

అద్దము పోవుటచే చోటు మిగిలినది. నికాన్ పాత కెమెరాలలో కటకపు పీటకును ఫిల్మునకును నడుమ 46.5 మిల్లీమీటర్ల ఎడముండవలసెను. కొత్తవానిలో అది 16. ఈ మిగులుబాటుచే పాత కటకములను ఒక నడిమి కంకణముతో కొత్త పెట్టెకు తగిలింపవచ్చును. మావాడు తన మేనమామ వాడి విడిచిన పాత కటకమును తెచ్చి దీనికి బిగించెను. తాళపత్రములకు నేను మిక్కిలిగా దానినే వాడితిని.

ఆకులపై గంటముతో గీచిన అక్షరములకు మసి పూసియుండిన సులభము. పూయని ఆకులు ఎదురువెలుగున బోసిగ కనబడును. ప్రక్కనుండి వాలుగ వెలుగు పడనిచ్చినచో గీతల లోతునకు నీడ పట్టి అక్షరము లేచి నిలుచును. ఈ కెమెరా కిటికీలో ఒక అక్షరమును పదింతలుగ పెంచి చూచుకొనవచ్చును. మసక గదిని గూడ వెలుగుగ చూపును. శుక్లములు తీయించుకొన్న నా కన్నులకు ఇది వరము. అయితే ఒక మాట ఒప్పుకొనవలెను. అద్దపు కెమెరాలో నా కంటికి వచ్చినది ఆకును తాకిన వెలుగే. ఇందులో వచ్చునది ఒక చిన్నతెర వ్రాసి చూపు బొమ్మ. బొమ్మను చూచి బొమ్మ తీయుచున్నాను. దానికి బ్యాటరీయు త్వరగా ఖర్చగును.

చప్పుడు లేదను మురిపెముతో మొదట నలుబది ఆకులను ఎల్ఇడి దీపము క్రింద తీసితిని. అన్నిటిమీదను అడ్డచారలు! పలక తాను చూచినదానిని ఒక్కసారిగ గాక వరుసవెంట వరుసగ చదువును. మన విద్యుత్తుచే ఆ దీపము సెకండుకు నూరుమార్లు మినుకుచుండును. ఒక వరుసకు వెలుగు, ఒక వరుసకు కొరత. 2023లో అన్ని వరుసలను ఒకేసారి పట్టు పెద్దపలక కెమెరా యొకటి వచ్చినది గాని, మా పెరటి సూర్యుడు దానికంటె చౌక. ఆ నలుబది ఆకులను అరుగుమీద పెట్టి మరల తీసితిని.

సరిదిద్దుకొనలేని తప్పు మరియొకటి జరిగినది. వేసవిలో, పదునొకండు దినములు అన్నగారి యింటికి పోయి వారి వ్యాఖ్యానమును వీడియోగ పట్టితిని. చప్పుడు లేని యంత్రము గనుక వారు దానిని మరచి, శిష్యునికి చెప్పినట్లు నాకు చెప్పుచుండిరి. 4కె అను కొలతలో ఒక్కొక్క చిత్రమునకు సుమారు 83 లక్షల బిందువులు; సెకండుకు 25 చిత్రములు. అరచేతియంత పెట్టె యింత లెక్కను మోయుచు వేడెక్కకుండునా? ఎనిమిదవ దినమున మధ్యాహ్నము, సమాస ప్రకరణము సాగుచుండగా, అది తనను తాను ఆపివేసికొన్నది. తయారుచేసినవారి పేరు చెప్పను. హెచ్చరిక గుర్తు తెరమీద వచ్చియేయుండును, నేను అన్నగారి ముఖమును చూచుచుంటిని. పదునాలుగు నిమిషములు గడచిన పిమ్మట గమనించితిని. మరల చెప్పుడని అడిగితిని. వారు నవ్వి, "రేపు చెప్పుదునులే నాయనా, ఇప్పుడు చెప్పిన వేగము ఇప్పుడు రాదు" అనిరి. మరునాడు తరువాతి ప్రకరణమునకు పోయిరి. గుర్తుచేయుటకు నాకు మొగమాటమయ్యెను. చివరి దినమున అడుగుదమనుకొంటిని. ఆనాడు వారికి ఒంట్లో బాగుండలేదు. కార్తికమాసమున వారు పోయిరి.

కట్టలు పదునేడింటిలో పదునాలుగింటికి ప్రతులు సిద్ధమైనవి. వీడియో పదునొకండు దినములది మూడుచోట్ల భద్రపరచితిని. ఆ పదునాలుగు నిమిషములలో వారు చెప్పినదానిని మాత్రము జ్ఞాపకము చేసికొని నోటుపుస్తకములో వ్రాయుచున్నాను. ఇప్పటికి నాలుగు పుటలు వచ్చినవి.