1925లో రెండు కొలతలు: కణత్వచం, నీలిరంగు, ఒక భీమవరం వైద్యుడు

జీవకణాన్ని చుట్టి ఉండే త్వచంలో కొవ్వు రెండు వరసలుగా అమరి ఉంటుందని నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గోర్టర్, గ్రెండెల్ ప్రకటించిన సంవత్సరం 1925; ఆ కొవ్వులో ఎన్ని అణువులున్నాయో లెక్కించడానికి ప్రయోగశాలలు ఇప్పటికీ ఆశ్రయించే నీలిరంగు పరీక్షకు మూలమైన పద్ధతిని బోస్టన్‌లో సైరస్ ఫిస్క్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి వెలువరించినదీ ఆ ఏడాదే. నిజానికి ఈ రెండో పత్రానికి కణత్వచంతో పనే లేదు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలవడం దాని ఉద్దేశం.

నీటిలో కరగక, ఈథర్, క్లోరోఫాం వంటి ద్రావణుల్లో కరిగే పదార్థాల కుటుంబానికి లిపిడ్లని పేరు. నూనె, నెయ్యి, మైనం, కొలెస్టరాల్ అన్నీ అందులోనివే. వీటిలో ఫాస్ఫోలిపిడ్ అనే రకానికి భాస్వరం ఉన్న తల ఒకటి, కొవ్వు ఆమ్లాల తోకలు రెండు ఉంటాయి. తలకు నీళ్ళంటే ఇష్టం, తోకలకు గిట్టదు కనుక, నీటిలో పడగానే ఈ అణువులు తోకలను లోపలికి దాచుకుని, తలలను రెండు వైపులా బయటికి పెట్టి, ఎవరూ పురమాయించకుండానే రెండు వరసల పొరగా సర్దుకుంటాయి. మీటరులో వందకోట్లో వంతును నానోమీటరు అంటారు. ఈ పొర మందం అటువంటివి సుమారు ఐదు. విద్యుదావేశం ఉన్న అయాన్లు గానీ, చక్కెర అణువులు గానీ దీన్ని సులభంగా దాటలేవు, అందుకే వాటిని లోపలికీ బయటికీ చేరవేయడానికి పొరలో ప్రొటీన్లు పొదిగి ఉంటాయి.

నీటిపై నూనె ప్రవర్తన మనిషికి కొత్త కాదు. కడలిలో మునిగేవారు నోటి నుంచి నూనె వదిలి అలలను నెమ్మదింపజేసేవారని ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ తర్వాతి పదిహేడు శతాబ్దాలను ఒక్క అంగలో దాటితే, లండన్ శివారు చెరువులో చెంచాడు నూనె అర ఎకరాన్ని నునుపు చేసిన వైనాన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1774లో ప్రకటించడం కనిపిస్తుంది. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టే అవకాశం లేని ఆగ్నెస్ పోకెల్స్ అనే జర్మన్ యువతి తన ఇంటి వంటగదిలో రేకు తొట్టెతో నీటి ఉపరితలాన్ని కొలిచింది, 1891లో ఆమె ఫలితాలు అచ్చయ్యాయి. ఆ తొట్టెను మెరుగుపరచిన లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ వచ్చింది, తొట్టెకూ అతని పేరే నిలిచింది.

లైడెన్ పరిశోధకులు వాడినదీ ఆ తరహా తొట్టెనే. క్షీరదాల ఎర్రరక్తకణంలో కేంద్రకం గానీ లోపలి పొరలు గానీ ఉండవు కనుక, దాని నుంచి వచ్చే కొవ్వంతా బయటి త్వచానిదే. కుక్క, గొర్రె, మేక, కుందేలు, గినీపంది, మనిషి రక్తం నుంచి అసిటోన్‌తో కొవ్వు తీసి నీటిపై ఒకే అణువు మందంగా పరిస్తే, అది ఆక్రమించిన వైశాల్యం కణాల ఉపరితలానికి రెట్టింపు తేలింది. రెట్టింపు అంటే రెండు వరసలు. అయితే ఈ లెక్కలో రెండు తప్పులున్నాయి: అసిటోన్ మొత్తం కొవ్వును లాగలేకపోయింది, ఎండబెట్టిన కణాలను కొలవడం వల్ల ఉపరితలం కూడా తక్కువగా లెక్కకు వచ్చింది. రెండూ ఒకదానినొకటి కొట్టివేసుకోవడం వల్ల సమాధానం సరిగ్గా వచ్చిందని నాలుగు దశాబ్దాల తర్వాత గాని బయటపడలేదు. విజ్ఞానచరిత్రలో ఇంత అదృష్టకరమైన పొరపాటు అరుదు.

బోస్టన్ కథలో అదృష్టం పాలు తక్కువ. 1895లో జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్న సుబ్బారావు 1923లో అమెరికా చేరాడు. అంతకు ముందే అతని సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. చిన్నప్రేవు గోడ ఆహారాన్ని, ముఖ్యంగా కొవ్వును, పీల్చుకోలేకపోవడం ఆ జబ్బు లక్షణం.

అప్పటికి వాడుకలో ఉన్న భాస్వరం పరీక్షలతో చిక్కేమిటంటే, వచ్చిన రంగు చూస్తుండగానే వెలిసిపోయేది. ఫిస్క్, సుబ్బారావుల పద్ధతిలో ఫాస్ఫేటు ఉన్న ద్రవానికి ఆమ్లంలో కరిగిన మాలిబ్డేటు కలిపి, అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేరిస్తే, వేడి చేయనక్కరలేకుండానే కొద్ది నిమిషాల్లో నిలకడైన నీలిరంగు తేలుతుంది. ఆ కాలపు రంగుమాపకంలో కన్ను ఆనించి చూస్తే వృత్తంలో ఒక సగం తెలిసిన ద్రావణానిది, మరో సగం తెలియనిదానిది. రెండు నీలాలూ ఏకమై మధ్య గీత మాయమయ్యేదాకా మర తిప్పి, గాజుపాత్ర లోతును చదువుకునేవారు. కండరాల నుంచి తీసిన ద్రవంలో మాత్రం ఈ రంగు ఆలస్యంగా, కొంచెం కొంచెంగా ముదిరింది. పరీక్ష చెడిందని పారబోయకుండా ఆ ఆలస్యానికి కారణం వెతికినందువల్ల, ఆమ్లంలో మెల్లగా విరిగి భాస్వరాన్ని వదిలే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో దొరికింది. 1929లో కణాల శక్తి నాణెమైన ఏ.టి.పి. కూడా అదే ప్రయోగశాలలో తేలింది, అదే కాలంలో జర్మనీలో లోమన్‌కూ దొరికింది.

ఇంత చేసినా, ఆ బోస్టన్ ప్రయోగశాల ఉన్న హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన స్థానం దక్కలేదు. అతను వేరుచేసిన న్యూక్లియోటైడ్లు కొన్నింటిని ఫిస్క్ వెలుగు చూడనివ్వకపోవడం వల్ల, ఏళ్ళ తర్వాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని అక్కడే చదువుకున్న నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ అనంతరకాలంలో చెప్పాడు. ఒక మనిషి పేరు మరుగునపడడం ఒక నష్టం, శాస్త్రం అన్నేళ్ళు ఆగిపోవడం అంతకంటే పెద్దది. 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్ళిన తర్వాత అతని బృందం సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ చికిత్సలో పనికివచ్చింది. సోదరులకు మాత్రం కాలం మించిపోయింది. సుబ్బారావు 1948లో మరణించాడు. జీవితచరిత్రలపై మోజున్న ఫిల్మ్‌నగర్‌కు ఈ కథలో పగ, పేదరికం, పరదేశం అన్నీ దొరుకుతాయి. పరీక్షనాళికలో రంగు ఆలస్యంగా ముదరడాన్ని తెరపై ఎలా చూపాలన్నదే కష్టం.

ఇక కణత్వచానికి తిరిగి వస్తే, ఫాస్ఫోలిపిడ్లలో చాలావాటికి అణువుకొక్కటే భాస్వర పరమాణువు కనుక, భాస్వరాన్ని లెక్కపెడితే అణువులను లెక్కపెట్టినట్టే. కొవ్వును గాఢామ్లంలో మరిగించి, కర్బనమంతా పోయి ఫాస్ఫేటు మిగిలాక నీలిరంగు పరీక్ష చేసే మార్పును బార్ట్‌లెట్ 1959లో ప్రచురించడంతో బోస్టన్ కొలత, లైడెన్ కొలత ఒకే బల్లపైకి చేరాయి. 1972లో సింగర్, నికొల్సన్ ఆ రెండు వరసల పొర గట్టిగోడ కాదనీ, ప్రొటీన్లు తేలియాడే ద్రవమనీ చెప్పారు.

త్వచంపై పరిశోధన హైదరాబాద్‌లోనూ సాగింది: యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి, రైలు మారకుండానే హబ్సిగూడలో దిగితే, 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సి.సి.ఎం.బి.) దగ్గరలోనే ఉంటుంది. అక్కడ అమితాభ చటోపాధ్యాయ బృందం పశువుల మెదడులోని హిప్పోక్యాంపస్ త్వచాల నుంచి కొలెస్టరాల్‌ను తొలగిస్తే, నాడీసంకేత రసాయనమైన సెరటోనిన్‌ను గుర్తుపట్టే ఒక గ్రాహక ప్రొటీను తన పట్టు కోల్పోతుందని 2004లో చూపింది. లిపిడ్లు ప్రొటీన్లకు ఆనుకునే చోటు మాత్రమే కావు, వాటి పనిలో భాగస్వాములని దీనివల్ల తేలింది. ఇటువంటి ప్రయోగంలో ఫాస్ఫోలిపిడ్ల వాటా భాస్వరం లెక్కతోనే తెలుస్తుంది. కొలెస్టరాల్ అణువులో భాస్వరం లేదు. సుబ్బారావు నీలిరంగుకు అది కనబడదు కనుక, దానిని ఎంజైముతోనూ, వెలుగు చిమ్మే మరో రంగుతోనూ విడిగా కొలుస్తారు.