తమ్ముడి చదువు

1925 నవంబరు 13న, కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో, ఇరవై ఏడేళ్ళ నిత్యానంద క్షయతో కన్నుమూశాడు. జిడ్డు వారి బిడ్డ, మదనపల్లెలో పెరిగిన పిల్లవాడు. కథ ఎక్కడ ముగుస్తుందో తెలిసే మొదలుపెడుతున్నాను. తెలిసినా, ప్రతి మలుపు దగ్గరా మనసు ఆగిపోతుంది, ఇక్కడైనా వెనక్కి తిరగకూడదా అని.

తల్లి సంజీవమ్మ 1905లో పోయింది. తండ్రి నారాయణయ్యది రెవెన్యూ ఉద్యోగం. విరమించాక చేతికొచ్చేది జీతంలో సగం. తల్లిలేని మగపిల్లలు నలుగురు. 1909లో మద్రాసు దగ్గరి అడయారు దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరి, ఆయన మదనపల్లె విడిచాడు. బడిలో అన్న కృష్ణమూర్తి పరధ్యానంలో ఉండి దెబ్బలు తినేవాడు. చదువు అబ్బింది తమ్ముడికే. కానీ సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ చూపు పడింది అన్న మీద. రాబోయే జగద్గురువు ఇతనేనన్నాడు. అన్నను విడిచి ఉండలేని తమ్ముడూ ఆ వెంటే నడిచాడు.

ఈవేళ పుంగనూరులోనో కుప్పంలోనో ఒక తండ్రి పొలం తాకట్టు పెట్టి కొడుకును ఎం.ఎస్.కు పంపుతున్నాడు. నారాయణయ్యకు తాకట్టు పెట్టడానికి ఉన్నది వేరు. 1910 మార్చిలో పిల్లల సంరక్షణ హక్కునే సమాజ అధ్యక్షురాలు అనీబిసెంటుకు రాసిచ్చాడు. ఆక్స్‌ఫర్డు చదువు ఆశ. ఆ ఆశను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

డబ్బుకు లోటు రాలేదు. మిస్ డాడ్జ్ అనే అమెరికా సంపన్నురాలు అన్నకు జీవితాంతం ఏటా 500 పౌన్లు, తమ్ముడికి చదువుకున్నన్నాళ్ళు 300 పౌన్లు ఏర్పాటు చేసింది. లోటు తండ్రికి వచ్చింది. 1912లో బిడ్డల్ని తిరిగి ఇమ్మని కోర్టుకెక్కాడు. 1913లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఆ ఒక్క ఏడాది, కాగితం మీదైనా, పిల్లలు ఆయనవాళ్ళు. 1914 మేలో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. ఈ తగాదాతో, జగద్గురువన్న ప్రచారంతో ఆక్స్‌ఫర్డు కూడా వాళ్ళను చేర్చుకోలేదు. ఏ చదువు కోసం ఆ తండ్రి సంతకం పెట్టాడో ఆ చదువూ దక్కలేదు.

1915లో అనీబిసెంటే మదనపల్లెలో కాలేజీ పెట్టింది. ఆ కాలంలోనే, ఊరికి దగ్గరలో, ఆరోగ్యవరంలో క్షయ రోగుల శానిటోరియం వెలసింది. పొడిగాలి కోసం ఎక్కడెక్కడి రోగులో అక్కడికి వచ్చేవాళ్ళు. ఒక కాలేజీ, ఒక ఆస్పత్రి: నిత్యకు కావలసిన రెండూ సొంత ఊళ్ళో సిద్ధమవుతున్నాయి. అతను మాత్రం చదువు కోసం వెళ్ళి ఇంగ్లండు చలిలో ఉన్నాడు.

1918లో లండన్ మెట్రిక్యులేషన్ ఆనర్సుతో గట్టెక్కాడు; అన్న పదే పదే తప్పాడు. తర్వాత నిత్య న్యాయశాస్త్రం చదివాడు. 1921లో ఊపిరితిత్తుల్లో జబ్బు బయటపడింది. ఆ డిసెంబరులో, దాదాపు పదేళ్ళ తర్వాత, అన్నదమ్ములు ఈ నేల మీద కాలుపెట్టారు. ఉండిపోయి ఉంటే! క్షయకు అప్పటికి మందు లేదు, ఆరోగ్యవరంలోనూ లేదు. బతికేవాడని అనలేను. మనవాళ్ళ మధ్య ఉండేవాడు, అంతే. కొద్ది నెలలే ఉండి సిడ్నీకి, అక్కడి నుంచి ఓహాయ్‌కి వెళ్ళారు. 1924లో తండ్రి పోయాడు.

మరుసటి ఏడు నిత్య పూర్తిగా మంచాన పడ్డాడు. సమాజం కొలిచే అదృశ్య గురువులు, మహాత్ములు, తమ్ముణ్ణి కాపాడతారని కృష్ణమూర్తి నమ్మాడు. నమ్మబట్టే అతన్ని వదిలి అడయారులో సమాజ స్వర్ణోత్సవాలకు ఓడెక్కాడు. సూయజ్ దగ్గర టెలిగ్రాం అందింది.

ఆ రాత్రులు నిద్రలో ఏడుస్తూ తమ్ముణ్ణి పిలిచేవాడని ఓడలో అదే గదిలో ఉన్న శివరావు చెప్పాడు. కొన్నిసార్లు తెలుగులో పిలిచేవాడట. మెలకువలో ఆ తెలుగు అతనికి రాదు, ఎన్నడో మరిచిపోయాడు. కొలంబో చేరేసరికి స్థిమితపడ్డాడంటారు. మనకు ఆ తొందర లేదు. నిత్య కోసం ఇంకాసేపు ఏడవవచ్చు.