సెంజి కోట: తెలుగు నాయకులు ఏలిన మూడు కొండలు

తమిళనాడులోని విళుపురం జిల్లాలో, తిండివనం నుంచి తిరువణ్ణామలై వెళ్లే దారిలో సెంజి (జింజీ) ఉంది. చెన్నై నుంచి సుమారు 150 కిలోమీటర్లు. రాజగిరి, కృష్ణగిరి, చంద్రాయనదుర్గం అనే మూడు కొండలను కలుపుతూ దాదాపు 13 కిలోమీటర్ల ప్రాకారం సాగుతుంది.

2025 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మరాఠాల సైనిక కోటల పేరిట గుర్తించిన పన్నెండింటిలో మహారాష్ట్ర బయట ఉన్నది ఇదొక్కటే. ఆ గుర్తింపు న్యాయమైనదే. 1677లో శివాజీ దీన్ని గెలిచి బలపరిచాడు. రాజారాం ఇక్కడే ఉండి మొగలులను ఏళ్ల తరబడి ఎదుర్కొన్నాడు. 1698లో కోట వాళ్ల చేతికి పోయింది.

అయితే కొండ కింద మన కంటికి కనిపించే కట్టడాల్లో చాలా భాగం అంతకు ముందటివి. విజయనగరం కింద మొదలై 1649లో బీజాపూర్ సేనలకు ఓడిపోయేదాకా ఇక్కడ ఏలింది తెలుగు నాయకులు. తంజావూరు, మధుర నాయకుల గురించి చెప్పుకున్నంతగా మనవాళ్లు వీళ్ల గురించి చెప్పుకోరు. కృష్ణప్ప నాయకుడి కాలంలో, 1597లో వచ్చిన పిమెంటా అనే జెసూట్ పాదిరి, తాను ఇండియాలో చూసిన నగరాల్లో ఇదే పెద్దదని రాశాడు. ఇప్పుడిది చిన్న ఊరు.

ముందుగా కింది కోట చూడండి. అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన కల్యాణ మహల్, కమాను కప్పుల ధాన్యాగారాలు, ఏనుగుల చెరువు అక్కడే ఉన్నాయి. వేంకటరమణ స్వామి గుడిని ముత్యాలు నాయకుడు కట్టించాడని చెబుతారు. గోపుర ద్వారంలో రామాయణ ఘట్టాలు, క్షీరసాగర మథనం చెక్కారు. ఈ గుడిలోని ఏకశిలా స్తంభాలు కొన్నింటిని ఫ్రెంచివారు పుదుచ్చేరికి తరలించారు. బీచ్‌లో గాంధీ విగ్రహం చుట్టూ నిలబడ్డ రాతి స్తంభాలు సెంజి నుంచి వచ్చినవే అంటారు. పని మీద పుదుచ్చేరి వెళ్లే యానాం వాళ్లు వాటిని చూసే ఉంటారు, ఎక్కడివో తెలియకపోయినా.

రాజగిరి ఎత్తు 240 మీటర్ల పైచిలుకు. శిఖరం దగ్గర లోతైన చీలిక మీద చిన్న వంతెన ఉంది. పూర్వం దాన్ని తీసేస్తే పైకి దారే ఉండేది కాదు. పైన రంగనాథుడి గుడి ఉంది. ఎండ ఎక్కకముందే బయలుదేరండి. నీళ్లు వెంట ఉండాలి, తినుబండారాలు మాత్రం కోతులకు కనిపించకూడదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కృష్ణగిరి నయం.

1714లో ఆర్కాటు నవాబుతో పోరాడి చనిపోయిన దేశింగురాజు కోట కూడా ఇదే. ఆయన బుందేలా రాజపుత్రుడు. ఆయన కథను తమిళులే కాదు, మన వీరగాథల్లోనూ పాడుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటే, వెళ్లే ముందు అడిగి వినండి.