ఆచార్యపీఠము - ప్రజాజీవితము

విశ్వవిద్యాలయమునందలి ఆచార్యుడు తన తరగతికి మాత్రమే బాధ్యుడా, లేక వెలుపలి లోకమునకును బాధ్యుడా? ఈ ప్రశ్న నేటిది కాదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున తెలుగునాట ముగ్గురు విద్వాంసులు దీనికి మూడు విధములుగా సమాధానము చెప్పిరి. ఆ సమాధానములు వారి నడవడిలోనే మనకు కనబడును.

మొదటివారు రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు. 1862లో మచిలీపట్టణమున జన్మించిన వీరు ఆంగ్ల సాహిత్య బోధకులు. 1904 మొదలు 1919 వరకు కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. ఆ దినములలో వివాహాది శుభకార్యములకు భోగము మేళములను పిలిపించుట గొప్పయిండ్ల మర్యాదగా చెల్లుచుండెను. నాయుడుగారు ఆ యాచారమును బహిరంగముగా ఖండించిరి. అస్పృశ్యులని దూరముగా నుంచిన కులముల విద్యార్థులకు కళాశాల తలుపులు తెరచిరి. వారి ప్రోత్సాహముననే పిఠాపురము మహారాజావారు కాకినాడలో అనాథ శరణాలయమును, హరిజన విద్యార్థులకు వసతిగృహమును నెలకొల్పిరి. పాఠము చెప్పిన చోటనే దానిని ఆచరించి చూపుట నాయుడుగారి మార్గము. ఆకాశవాణికి గేయములు, నాటకములు వ్రాసి మన యిండ్ల కెల్ల పరిచితులయిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆ కళాశాల విద్యార్థులే.

రెండవవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1880లో చిత్తూరు చెంత కట్టమంచిలో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, మైసూరు మహారాజా కళాశాలలో అధ్యాపకులై, పిమ్మట ఆ సంస్థాన విద్యాశాఖకు అధికారులయిరి. అర్థశాస్త్రమును తెలుగున రచించి, ఆంగ్లము రాని పాఠకునికి గూడ ఆ శాస్త్రమును అందుబాటులోనికి తెచ్చిరి. మద్రాసు శాసనమండలిలో జస్టిస్ పక్షమున ప్రవేశించియు, 1923లో ఆ పక్షపు మంత్రివర్గము మీదనే అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. తీర్మానము వీగిపోయినది, కాని ప్రభుత్వమును సభాముఖమున నిలదీయు పద్ధతి మన దేశమునకు పరిచయమయ్యెను.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో ఏర్పడగా రెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులయిరి. మద్రాసు విశ్వవిద్యాలయమునకు అప్పుడు ఉపాధ్యక్షులు వెంకటరత్నము నాయుడుగారే యగుట విశేషము. తరువాత విశ్వవిద్యాలయము వాల్తేరునకు తరలినది. అది ఇంకను పసిబిడ్డ. అట్టి సమయమున 1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. లాఠీలు, అరెస్టులు వెంట వచ్చెను. ప్రభుత్వపు దమననీతికి నిరసనగా రెడ్డిగారు తమ పదవికి రాజీనామా నిచ్చిరి. తమ చేతులతో పెంచుచున్న సంస్థను విడుచుట సులభమైన పని కాదు. కాని దేశమంతయు బాధపడుచుండగా పీఠమును పట్టుకొని మౌనముగా కూర్చుండుట తగదని వారు నిశ్చయించిరి.

1931 నుండి సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ బాధ్యతను వహించిరి. 1936లో రెడ్డిగారు మరల వచ్చి 1949 వరకు విశ్వవిద్యాలయమును నడిపిరి. విడిచినవారు మరల వచ్చుట యేమని కొంద రడుగవచ్చును. విడుచుట ఆత్మగౌరవము కొరకు. మరల వచ్చుట విద్యార్థుల కొరకు. రెండింటికిని మూలము ఒక్కటే యని మా అభిప్రాయము.

మూడవవారు ఆచార్య గోగినేని రంగనాయకులు, అనగా మన రంగాగారు. 1900లో నిడుబ్రోలున రైతు కుటుంబమున జన్మించి, ఆక్స్‌ఫర్డున చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రము బోధించిరి. గ్రామముల ఆర్థికస్థితిని పరిశోధించి గ్రంథములు వ్రాసిరి. లెక్కలలో కనబడిన రైతు కష్టము వారిని కళాశాలలో నిలువనీయలేదు. రైతులకు రాజకీయ విద్య గరపుటకు నిడుబ్రోలులో విద్యాలయము నెలకొల్పిరి. 1936లో అఖిల భారత కిసాన్ సభను స్థాపించిన ప్రముఖులలో నొకరయిరి. ఉద్యోగము పోయినను "ఆచార్య" యను మాట జీవితాంతము వారి పేరును విడువలేదు.

ఒకరు పీఠమున నుండి సంఘమును సంస్కరించిరి. ఒకరు పీఠమును త్యజించి దాని గౌరవమును పెంచిరి. ఒకరు పీఠమును పొలముగట్టునకే కొనిపోయిరి. ముగ్గురి మార్గములు వేరు. అయినను తాము బోధించిన దానికి తాము మూల్యము చెల్లించుటకు సిద్ధపడుట ముగ్గురియందును సమానము. పండితుని మాటకు ప్రజలలో విలువ కలుగుట బిరుదు వలన గాదు, ఈ సిద్ధపాటు వలననే. మన బిడ్డలను కళాశాలలకు పంపునపుడు మనము వెదకవలసినది ఇట్టి గురువులనే గదా!